చారుకు పెంచుకోండి, నిల్వ పచ్చడికి కొనుక్కోండి

ఆవకాయ పెట్టడానికి బంగినపల్లి కాయలు కొనేవాళ్లు మన ఇళ్లలో ఉండరు. పుల్లగా, గట్టిగా, పీచున్న కాయ కోసం బజారంతా తిరుగుతాం. జుర్రుకోవడానికి రసాలు, కోసుకు తినడానికి బంగినపల్లి, పప్పులోకి పుల్లమామిడి. వంకాయ దగ్గరా అంతే. గుత్తివంకాయకు చిన్నవి, కాల్చి పచ్చడి చేయడానికి పెద్దవి. టమాటా దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ తెలివంతా పక్కన పెట్టేసి "ఓ కిలో టమాటా ఇవ్వు బాబూ" అనేస్తాం. మహా అయితే గట్టివి ఏరుకుంటాం.

బజారులో సరే, దొరికింది కొనుక్కోవాలి. మిద్దెతోటలో విత్తనం మన చేతిలో ఉంది కదా! అక్కడా ఇదే తంతు. విత్తనాల షాపుకు వెళ్తే మనం అడిగేది "కాపు బాగా కాసేది ఏది?" అని. "చారులోకి ఏది బాగుంటుంది?" అని అడిగినవాళ్లు ఎందరు? అందుకే మూడు నెలలు నీళ్లు పోసి, పురుగులు ఏరి, తీరా కోసుకున్న టమాటాలతో పప్పు చేస్తే బజారు టమాటా పప్పులాగే ఉంటుంది. "ఇంత కష్టపడి ఏం లాభం?" అని మరుసటి ఏడాది ఆ కుండీల్లో ఇంకేదో వేస్తారు. తప్పు మట్టిది కాదు, ఎరువుది కాదు. వంటకూ విత్తనానికీ జోడీ కుదరలేదంతే.

ఈ వారం ఆ జోడీ ఎలా కుదుర్చుకోవాలో చూద్దాం.

మనకు పేర్లు ఎందుకు లేవు?

టమాటా మన వంటింటికి కొత్త చుట్టం. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చిందంటారు. అంతకుముందు మన పులుపంతా చింతపండుది, మామిడిది, నిమ్మది, చింతచిగురుది, గోంగూరది. పెద్దవాళ్లు దీన్ని రామములగ అనేవారు. చిత్తూరు వైపు తక్కాళి అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. తద్దినం వంటలో టమాటా వేయని ఇళ్లు నేటికీ ఉన్నాయి. మామిడికి తరతరాలుగా పెట్టుకున్నన్ని పేర్లు దీనికి పెట్టుకునే తీరిక మనకు దొరకలేదు. బజారులో మిగిలినవి రెండే మాటలు: నాటు టమాటా, బెంగళూరు టమాటా. నాటు అంటే గుండ్రంగా, కాస్త చదునుగా, పుల్లగా ఉండేది. బెంగళూరు అంటే కోలగా, గట్టిగా, వారం రోజులున్నా చెక్కుచెదరనిది.

నిజానికి సగం గుట్టు ఈ రెండు మాటల్లోనే ఉంది. మిగతా సగం తెలియాలంటే రెండు రకాల కాయలూ తెచ్చి అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టి చూడండి.

కోసి చూస్తే తెలుస్తుంది

టమాటాలో మనకు పనికొచ్చేవి మూడు: పైన తొక్క, దాని కింద కండ, లోపల గదుల్లో గింజల చుట్టూ ఉండే జిగురు. కోల టమాటాలో గదులు రెండో మూడో ఉంటాయి, కండ మందంగా ఉంటుంది. చదునుగా, గాడులు పడి ఉండే నాటు కాయలో గదులు ఎక్కువ, కండ పల్చన, జిగురు ఎక్కువ.

చాలామంది ఆ జిగురును పనికిరానిదనుకుని గింజలతో సహా తీసేస్తారు. అసలు పులుపు ఎక్కువగా ఉండేది అందులోనే. నోట్లో నీళ్లూరించే ఆ కమ్మదనం ఉంది చూశారూ, దానికి కారణమైన గ్లుటమేట్ కూడా కండలో కంటే జిగురులోనే ఎక్కువ. చారు కాచినప్పుడు ఘుమఘుమలాడి, ఇంకో గరిటె పోసుకోవాలనిపిస్తే ఆ పుణ్యంలో పెద్ద వాటా ఈ జిగురుదే. కండ ఇచ్చేది వేరు. చిక్కదనం, రంగు, ముద్దకు కావాల్సిన బరువు.

కాబట్టి లెక్క తేలికే. పల్చగా, పుల్లగా ఉండాల్సిన వంటకు జిగురున్న కాయ. చిక్కగా, ముద్దగా ఉండాల్సిన వంటకు కండ ఉన్న కాయ. ముక్క ముక్కగానే నిలవాల్సిన చోట గట్టి కాయ.

చారు, పప్పు, పులుసు

ఈ మూడింటికీ రసం ఊరే పుల్లటి రకమే కావాలి. విత్తనం దొరికితే ముందు మీ ఊరి నాటు రకమే వేయండి. దొరకకపోతే రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి.

ఒకటి పూసా రూబీ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పాత రకం. కాయ మధ్యస్థంగా, కాస్త చదునుగా, గాడులతో ఉంటుంది. నాటిన రెండు నెలలకు కాయలు కోయొచ్చు. కొమ్మలు బాగా సాగుతాయి కాబట్టి కర్ర కట్టాలి. రెండోది పీకేఎం-1. తమిళనాడులోని పెరియకుళంలో స్థానిక నాటు రకం నుంచి తయారుచేసింది. మొక్క పొదలా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు కాయ తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ మచ్చ ఉంటుంది.

ఆ ఆకుపచ్చ భుజాల సంగతి చెప్పాలి. కొనేవాళ్లు దాన్ని చూసి "ఇంకా పండలేదు" అని పక్కన పడేస్తారు. అందుకే కాయంతా ఒకే రంగులో పండే రకాలనే దశాబ్దాలుగా ఎంచుకుంటూ వచ్చారు. 2012లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ ఎంపికకు మనం చెల్లించిన మూల్యం ఏమిటో చూపించింది. భుజాలు ముదురాకుపచ్చగా ఉండడానికి కారణమైన జన్యువే కాయలో పత్రహరితాన్ని పెంచుతుంది. అంటే ఆకులు పంపేదాని మీదే ఆధారపడకుండా కాయ తన వంతుగా కూడా చక్కెర తయారుచేసుకుంటుంది. ఒకే రంగులో పండే రకాల్లో ఆ జన్యువు పనిచేయదు. చూపుకు అందం వచ్చింది, రుచిలో కొంత పోయింది. పులుపు ఒక్కటే ఉంటే చారు నాలుకను కొరుకుతుంది. వెనకాల ఆ కాస్త తీపి ఉంటేనే కుదురుతుంది. కాబట్టి మీ కుండీలో కాయకు ఆకుపచ్చ భుజాలుంటే సంతోషించండి.

పప్పు చేసేటప్పుడు ఒక మాట. పులుపు తగిలితే కందిపప్పు త్వరగా ఉడకదు. బజారు టమాటాతో అంతగా తెలియదు కానీ, నాటు కాయతో తెలుస్తుంది. గిన్నెలో వండేవాళ్లు పప్పు మెత్తబడ్డాకే ముక్కలు వేయండి. చింతపండు అలవాటుగా వేసేంత వేయకండి. ముందు రుచి చూసి, తర్వాత ఆలోచించండి. చేపల పులుసులోనూ అంతే.

రోటి పచ్చడి

రోట్లో నూరే పచ్చడికి మధ్యరకం కావాలి. మరీ నీళ్లు ఊరితే మగ్గబెట్టడానికి అరగంట పడుతుంది, ఈలోగా పచ్చిమిర్చి ఘాటు చచ్చిపోతుంది. మరీ కండ ఉంటే పచ్చడి చప్పగా, పిండిలా ఉంటుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్కా వికాస్ దీనికి సరిపోతుంది. కాయ 80-90 గ్రాములు తూగుతుంది, కొంచెం చదునుగా ఉంటుంది, పులుపూ కండా రెండూ ఉంటాయి. నీళ్లు కాస్త తక్కువైనా తట్టుకుంటుంది కాబట్టి ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల మిద్దెలకు కూడా పనికొస్తుంది.

పచ్చడికి రకంతో పాటు కోసే రోజు కూడా ముఖ్యం. పూర్తిగా పండిన కాయ కాదు, దోరకాయ కోయండి. అడుగున ఎర్రబడి, పైన ఇంకా పచ్చగా ఉన్నప్పుడన్నమాట. ఇది బజారులో కావాలన్నప్పుడు దొరకదు. మన మొక్క అయితే వారంలో ఏ రోజైనా దొరుకుతుంది. కాపు అయిపోయి మొక్క తీసేసే రోజున మిగిలిన పచ్చికాయలన్నీ నువ్వులు వేసి పచ్చడి చేసుకోండి. ఒక్కటీ పారేయక్కర్లేదు.

నిల్వ పచ్చడి

ఇక్కడ నీరే శత్రువు. టమాటాలో దాదాపు 94 శాతం నీరే. కిలో కాయల్లో నిజమైన సరుకు 60 గ్రాములు! ఉప్పు పట్టించి రెండు మూడు రోజులు ఊరబెట్టి, పిండి, ముక్కల్ని ఎండలో పెట్టి, ఆ ఊటలో చింతపండు నానబెట్టి... ఇంత తతంగమూ ఆ నీటిని వదిలించుకోవడానికే. నాటు కాయతో చేస్తే ముక్క ఎండేసరికి తొక్క, గింజలే మిగులుతాయి. కండ మందంగా ఉన్న కోల రకమైతే ముక్క ముక్కలాగే ఎండుతుంది, నూరితే ముద్ద కడుతుంది, సరిగ్గా ఎండితే బూజు భయం కూడా తక్కువ.

పెంచాలనుకుంటే రోమా, పంజాబ్ ఛుహారా వంటివి చూడండి. ఛుహారా అంటే ఎండు ఖర్జూరం. కాయ కోలగా, గింజలు తక్కువగా, కండ గట్టిగా ఉంటుంది. కోసి నాలుగు రోజులున్నా మెత్తబడదు. రెండూ పొద రకాలే.

పొద రకం, తీగ రకం అనే తేడా వంటింటికి కూడా సంబంధించిందే. పొద రకం కొంత ఎత్తు వరకే పెరిగి ఆగిపోతుంది, కాయలన్నీ రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా పండుతాయి. తీగ రకం పెరుగుతూనే, కాస్తూనే ఉంటుంది. చారుకు రోజూ రెండు కాయలు చాలు కాబట్టి దానికి నెలల తరబడి కొద్దికొద్దిగా కాసే మొక్క మేలు. పచ్చడికి ఒకేసారి ఐదు కిలోలు కావాలి కాబట్టి పొద రకం మేలు. విత్తన ప్యాకెట్ మీద డిటర్మినేట్ అని ఉంటే పొద, ఇన్‌డిటర్మినేట్ అని ఉంటే తీగ.

ఎండ లెక్క కూడా ఉంది. అక్టోబర్‌లో నారు పోస్తే జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా కాయలు వస్తాయి. సరిగ్గా అప్పుడే ఎండ ముదురుతుంది. జూన్‌లో పోస్తే కాయలు వానల్లో పండుతాయి, ఎండబెట్టడానికి మిద్దె మీద చోటున్నా ఎండ ఉండదు.

కూరలు, గ్రేవీలు, బజ్జీలు

కుర్మా, కోడిగుడ్డు టమాటా, బిర్యానీ మసాలా వంటి వాటికి రంగూ చిక్కదనమూ కావాలి. అర్కా రక్షక్ లాంటి సంకర రకం వీటికి చక్కగా సరిపోతుంది. ఎర్రగా, గట్టిగా ఉంటుంది. ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు తెగులు ఈ మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు కనుక కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. లోపల కూరి చేసే టమాటా బజ్జీకి కూడా ఇలాంటి గట్టి కాయే కావాలి. నాటు కాయ నూనెలో వేయగానే లోపలి రసం చిమ్ముతుంది, జాగ్రత్త.

పిల్లలు కోసుకుని నోట్లో వేసుకోవడానికి చెర్రీ టమాటా ఒక్క మొక్క చాలు. గుత్తులు గుత్తులుగా కాస్తుంది. పప్పులో మాత్రం వేయకండి. ఇంత చిన్న కాయకు అంత తొక్క, పంటి కింద తగులుతూనే ఉంటుంది.

వేసవి గురించి ఒక హెచ్చరిక. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే పూత నిలవదు, రాలిపోతుంది. నిలిచిన కాయ కూడా ఎర్రబడకుండా నారింజ రంగులో ఆగిపోతుంది. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారవదు. ఏప్రిల్‌లో కూర పాలిపోయినట్టు కనిపిస్తే అది మీ చేతి తప్పు కాదు. రంగు తిరగడం మొదలైన కాయను కోసి ఇంట్లో నీడన పెట్టుకోండి, ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు. 12 డిగ్రీల కంటే చల్లబడితే టమాటా వాసన చచ్చిపోతుంది. అప్పుడు ఇంట్లో పండించినదానికీ, కొన్నదానికీ తేడా ఏముంది?

రెండే కుండీలుంటే?

ఇంతా చదివి "మాకున్నది బాల్కనీ, రెండు కుండీలు. ఇన్ని రకాలు ఎక్కడ పెట్టాలి?" అంటారు చాలామంది. వాళ్లకు నా సమాధానం ఒక్కటే. రెండింటిలోనూ చారు టమాటాయే పెట్టండి.

ఎందుకంటే నిల్వ పచ్చడికి, గ్రేవీకి కావాల్సిన కాయ బజారులో దొరుకుతుంది. మదనపల్లె మార్కెట్లో లారీ ఎక్కిన టమాటా వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. ట్రేల మీద ట్రేలు పేర్చితే అడుగున ఉన్నది చితకకూడదు. పల్చటి తొక్క, నిండా రసం ఉన్న నాటు కాయ ఆ ప్రయాణం తట్టుకోలేదు. సగం దారిలోనే నీరుకారిపోతుంది, ఆ నష్టం రైతు నెత్తిన పడుతుంది. కాబట్టి రైతు గట్టి రకం వేయడం అత్యాశ కాదు, బతకడానికి. మనకు దొరకనిది ఏదంటే ప్రయాణం చేయలేని కాయ. మిద్దె మీంచి వంటింట్లోకి ఇరవై మెట్లు. ఆ ప్రయాణం ఎంత పల్చటి తొక్కైనా తట్టుకుంటుంది.

ధరల సంగతి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2023 జులైలో కిలో టమాటా చాలాచోట్ల 200 రూపాయలు దాటినప్పుడు విత్తనాల కోసం పరుగులు పెట్టినవాళ్లున్నారు. కానీ కుండీలో మొక్క రెండు కిలోలు కాస్తే బాగా కాసినట్టే. ఇంటి టమాటా ఖర్చు తప్పించడానికి రెండు కుండీలు చాలవు. విత్తనం వేశాక మొదటి కాయ కోయడానికి మూడు నెలలు. అప్పటికి ధర ఎలాగూ దిగిపోతుంది. దిగడమంటే మామూలుగా కాదు, కోత కూలి కూడా రాక రైతు రోడ్డు పక్కన పారబోసి వెళ్లేంతగా. ఆ రోజులు వచ్చినప్పుడు ఓ ట్రే కొని నిల్వ పచ్చడి పెట్టుకోండి. ఏడాదంతా మనకు వస్తుంది, రైతుకు ఆ రోజు ఒక ట్రే అమ్ముడవుతుంది. గట్టి కాయను కొనండి, మెత్తటి కాయను పెంచండి. రెండు చేతులా లాభమే.

గింజలు దాచుకోండి

పూసా రూబీ, పీకేఎం-1, అర్కా వికాస్, మీ ఊరి నాటు... ఇవన్నీ సంకర రకాలు కావు. వీటి గింజలు వేస్తే దాదాపు తల్లి లాంటి మొక్కే వస్తుంది. ఎఫ్‌1 అని రాసి ఉన్న ప్యాకెట్ల గింజలు దాస్తే మరుసటి తరంలో ఒక్కో మొక్క ఒక్కో రకంగా కాస్తుంది. వాటిని ఏటా కొనాల్సిందే.

దాచే పద్ధతి తేలిక. ఏ తెగులూ రాని మొక్క మీద, మొదటి రెండు మూడు గుత్తుల్లోంచి ఒక మంచి కాయను బాగా పండనివ్వండి. గింజల్ని జిగురుతో సహా ఒక గ్లాసులోకి తీసి, కొద్దిగా నీళ్లు పోసి రెండు రోజులు మూతపెట్టండి. పులిసిన వాసన వస్తుంది, రానివ్వండి. తర్వాత కడిగితే జిగురు పోయి గింజలు అడుగున చేరతాయి. పైకి తేలినవి పారబోసి, మిగిలినవి పళ్లెంలో పల్చగా పరిచి నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేయకండి, అంటుకుపోతాయి. పొడి సీసాలో వేసి రకం పేరు, సంవత్సరం రాసి పెట్టుకుంటే మూడు నాలుగేళ్లు మొలుస్తాయి.

ఈ పని నాటు రకాల విషయంలో మరీ అవసరం. పీకేఎం-1కు, పూసా రూబీకి సంస్థలున్నాయి, విత్తనం కాపాడతాయి. మీ అమ్మమ్మగారి ఊళ్లో పెరట్లో తనంతట తానే మొలిచి కాసే ఆ చిన్న పుల్లకాయకు ఎవరున్నారు? ఆ పెరట్లో రేపు ఇల్లు కడితే రకం పోయినట్టే. ఈసారి ఊరెళ్లినప్పుడు రెండు పండిన కాయలు జేబులో వేసుకు రండి.

ఈ వారం చేయాల్సింది

విత్తనాలు కొనే ముందు ఒక వారం పాటు వంటింటి క్యాలెండర్ మీద రాయండి: ఏ రోజు టమాటా దేంట్లో వేశారు, ఎన్ని వేశారు. వారం తిరిగేసరికి మీ ఇల్లు చారు ఇల్లో, పచ్చడి ఇల్లో, గ్రేవీ ఇల్లో తేలిపోతుంది. చాలా ఇళ్లలో చారు, పప్పే గెలుస్తాయని నా పందెం. దాన్నిబట్టి ప్యాకెట్ కొనండి. వర్షాకాలపు పంటకు జూన్, జులైల్లో, చలికాలపు పంటకు సెప్టెంబర్, అక్టోబర్‌లలో నారు పోయాలి. మొదటిసారి వేసేవాళ్లకు చలికాలమే తేలిక. 25-30 రోజుల నారును కనీసం 12 అంగుళాల కుండీకి ఒక్కటి చొప్పున నాటండి. నారుమడి మీద సన్నని నైలాన్ వల కప్పితే ఆకుముడత తెచ్చే తెల్లదోమ దరిచేరదు.

మీ ఇంటి లెక్క ఏం తేలిందో, మీ ఊరి నాటు టమాటాను ఏ పేరుతో పిలుస్తారో మాకు రాయండి. వచ్చే వారం అదే తెల్లదోమ గురించి, మందులు కొట్టకుండా దాన్ని ఎలా అదుపు చేయాలో మాట్లాడుకుందాం.